వేలు సెండ్ మీదే ఉంది

అన్నయ్యకి పదకొండు లైన్లు టైప్ చేశాను. అమ్మ మందుల ఖర్చు గురించి పొద్దున ఫోన్లో తను అన్న ఒక్క మాటకి, ఎప్పటెప్పటివో పాత లెక్కలన్నీ తవ్వి, ఒక్కటీ వదలకుండా.

అప్పుడే వంటింట్లోంచి అమ్మ, "అన్నయ్య తిన్నాడో లేదో కనుక్కోరా" అంది.

మొత్తం చెరిపేశాను. చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

తాగుడు లేదు, చెడు తిరుగుళ్లు లేవు, కాబట్టి బైబిల్లో శరీరకార్యాలు, అంటే మనిషిలోని పాపస్వభావం చేయించే పనులు, అని ఉన్నది నా గురించి కాదులే అనుకుంటూ ఇన్నేళ్లూ ఆ వాక్యం విన్నాను. ఇవాళ అపొస్తలుడు పౌలు గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం మళ్లీ తీస్తే, విగ్రహారాధనకీ మత్తతలకీ మధ్యలో పౌలు వరసపెట్టి రాసింది ద్వేషములు, కలహము, మత్సరములు, క్రోధములు, కక్షలు. అన్నీ నా పదకొండు లైన్లలో ఉన్నవే.

కార్యాలు అని బహువచనంలో చెప్పినవాడు, కిందకొచ్చేసరికి దేవుని ఆత్మ మనలో పండించే ప్రేమ, దీర్ఘశాంతం (ఓర్పు) లాంటి గుణాలన్నిటినీ కలిపి ఆత్మ ఫలం అని ఒక్కటిగానే అన్నాడు. అంటే నాలో ప్రేమ ఉంది, దీర్ఘశాంతమే లేదు అని తప్పించుకోడానికి లేదు కదా.

కోపం పోయిందా అంటే, పోలేదు. కాసేపు ప్రార్థన చేసుకుని "తిన్నావా అన్నయ్యా" అని మాత్రం పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.