రద్దు నొక్కినా రద్దవలేదు

మా బాబాయ్‌కి ఉండి అనే ఊరి దగ్గర రెండు రొయ్యల చెరువులున్నాయి. మేత లెక్క పుస్తకంలో రాసుకునేవారు. అది వానకి తడిసి ఒక పంట లెక్కంతా పోయాక, ఆయన కోసమే చిన్న ఆండ్రాయిడ్ యాప్ చేసిచ్చాను.

మొన్న పొద్దున్నే గట్టు మీంచి ఫోన్. "ఏరా అబ్బాయ్, రద్దు చేయమని నొక్కితే రద్దవదేంట్రా?"

బండేసుకుని వెళ్లాను. ఆరింటి మేత 25 కిలోలు వేస్తే, చీకట్లో వేలు జారి 250 అని పడింది. ఆ లెక్క మీద వేలు నొక్కిపట్టుకుంటే "ఈ లెక్క తీసేయాలా?" అని అడుగుతుంది. కింద రెండు బటన్లు: "రద్దు చేయండి", "సరే". తీసేద్దామనుకున్న మనిషి ఏది నొక్కుతాడు? బాబాయ్ మూడుసార్లు "రద్దు చేయండి" నొక్కారు. 250 అక్కడే ఉంది. పంట చివర ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్య పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో, చూసుకునేది ఈ లెక్కతోనే కదా!

ఆ రెండు మాటలూ నేను రాసినవి కావు. ఆండ్రాయిడ్‌లో కొన్ని మాటలు ముందే ఉంటాయి: ఓకే, క్యాన్సిల్, కాపీ, పేస్ట్ లాంటివి. యాప్‌లో మనం పెట్టేది దాని పేరే, ఆ పేరు వెనక ఒక నంబరు ఉంటుంది. ఓకేది 17039370. ఫోన్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో మాట ఫోనే తెచ్చి చూపిస్తుంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి అందులో తెలుగూ ఉంది. అనువాదం పని తప్పుతుందని నేనూ అవే వాడాను. పైగా 'ఆండ్రాయిడ్.ఆర్.స్ట్రింగ్.యెస్' అనే పేరు పెడితే "అవును" వస్తుందనుకున్నాను. యెస్ పేరుతో ఉన్నా దానిలో ఉన్న మాట ఓకే. నో పేరుతో ఉన్నది క్యాన్సిల్. నా ఫోన్ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఓకే, క్యాన్సిల్ చూసి సరిపోయిందిలే అని వదిలేశాను. బాబాయ్ ఫోన్ తెలుగులో ఉంది, అందులో అవి "సరే", "రద్దు చేయండి" అయ్యాయి.

కాపీ, పేస్ట్‌లకి ఇప్పటికీ ఫోన్ మాటలే వాడతాను, వాటితో ఏ ఇబ్బందీ లేదు. కానీ క్యాన్సిల్ అంటే "ఈ పని వద్దు, వెనక్కి వెళ్లు" అని. చెరువు గట్టున రద్దు అంటే కొట్టేయడమే. ప్రశ్న నాదైనప్పుడు జవాబు మాట కూడా నేనే రాయాలి. అందుకని "తీసేయి", "ఉంచు" అని పెట్టాను.

మధ్యాహ్నం మేత వేళకి కొత్త యాప్ వాట్సాప్‌లో పంపాను. బాబాయ్ మేత మిగిలిందేమో చూసే చెక్ ట్రే పైకి లాగి గట్టున పెట్టి, తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని, "తీసేయి" నొక్కారు. 250 పోయింది. 25 కొట్టుకుని ఫోన్ జేబులో వేసుకున్నారు.