మా వదిన వాళ్ల కుక్క, మా రెండేళ్ల బాబు

మా వదిన వాళ్ల ల్యాబ్రడార్‌కి కోపం లేదు, కరిచే అలవాటూ లేదు. ఉన్నదల్లా ఒళ్లు తెలియని హుషారు. 30 కేజీల కుక్క ఉరికొచ్చి ముందుకాళ్లెత్తి మీద పడితే పెద్దవాళ్లమే తూలిపోతాం, ఇక మావాడి సంగతి చెప్పక్కర్లేదు.

కొన్నాళ్లు వాళ్లింట్లో ఉండాల్సి వచ్చినప్పుడు నాకు కుక్క కంటే ఈ విషయం వదినతో ఎలా మాట్లాడాలన్నదే ఎక్కువ టెన్షన్. "అదేం చెయ్యదు, ఆడుకుంటుందంతే" అంటారామె. నిజమే, కానీ ఆటలో పడినా తల నేలకి కొట్టుకుంటే దెబ్బ దెబ్బే కదా. ఇద్దరి మధ్యా ఒక గేటు పెడదామని ఫోన్‌లో అడిగితే "మా కుక్క మీద అనుమానమా?" అన్నారు. "కుక్క మీద కాదు వదినా, మావాడి మీద. వాడు దాని చెవి పట్టుకుని లాగడని నేను గ్యారంటీ ఇవ్వలేను" అన్నాను. ఆ మాటకి నవ్వి ఒప్పుకున్నారు. దాన్ని మూల కట్టేస్తే పోలా అని ఎవరో అన్నారు గానీ అది నాకు నచ్చలేదు. కట్టేసిన కుక్కకి విసుగెక్కువ, పైగా తప్పుకోవడానికి చోటుండదు, పిల్లాడేమో నేరుగా దాని దగ్గరికే నడుచుకుంటూ వెళ్లగలడు.

మొదటి రోజు దాన్ని బాగా నడిపించి, అలిసిపోయాక, పట్టీతోనే గేటు అవతలికి తెచ్చారు. కూర్చుంటే బిస్కెట్, ఎగిరితే అందరం మొహం తిప్పేసుకోవడం. ఇది పనిచేస్తుంది, కానీ ఇంట్లో ఒక్కరు తప్పినా చెడుతుంది. మా అన్నయ్యగారు ఆఫీసు నుంచి రాగానే అది భుజాల మీదకి ఎగిరితే ముద్దు చేసేవారు, మరి దానికి ఎగరడం నేర్పింది ఎవరు? ఆయన్ని మార్చడానికే ఎక్కువ టైమ్ పట్టింది.

ఒక సాయంత్రం గేటు తీసి, పట్టీ అన్నయ్యగారి చేతిలో ఉండగా, నేను పక్కనే కూర్చున్నాను. మావాడు వెళ్లి దాని మెడ మీద వాలాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, వదిన ఫోటో తీస్తున్నారు కూడా. కానీ కుక్క బిగుసుకుపోయింది. తెరిచి ఉన్న నోరు మూసేసింది, మూతి నాక్కుంది, మొహం అటు తిప్పుకుని ఓరకంట మావాణ్ణి చూస్తుంటే కంటి తెల్లగుడ్డు కనబడింది. తోక మాత్రం ఊగుతూనే ఉంది! తోక ఊపితే సంతోషమే అనుకుంటాం గానీ ప్రతిసారీ కాదు. కంగారు పడకుండా వాణ్ణి ఎత్తుకుని పక్కకి వచ్చేశాను. చిన్నపిల్లలకి ఇవేవీ తెలియవు, పళ్లు బయటపెట్టినా నవ్వుతోందనుకుంటారు. అది గుర్రుమంటే తిట్టొద్దని కూడా అందరికీ చెప్పాను. గుర్రుమనడం హెచ్చరిక, తిట్టి దాన్ని మాన్పిస్తే ఈసారి హెచ్చరించకుండానే కరవొచ్చు.

రెండేళ్లవాడికి రూల్స్ చెప్పి లాభం లేదు, అవి మనకే. ఇంటినిండా జనం ఉన్నప్పుడు అందరూ చూస్తున్నారనుకుంటాం, నిజానికి ఎవరూ చూడరు. అందుకే "ఇప్పుడు నేను చూస్తున్నా" అని పైకే అనేవాళ్లం, లేచి వెళ్లాలంటే ఇంకొకరికి అప్పజెప్పాలి, ఎవరూ లేకపోతే గేటు పడాల్సిందే. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, ఏదైనా కొరుక్కుంటున్నప్పుడు కూడా గేటే. పరుగులు, కేకలు గేటు ఇవతల మాత్రమే, ఎందుకంటే పరిగెత్తేదాని వెంట పడకుండా అది ఉండలేదు.

వెళ్లకముందే రేబిస్ టీకా కార్డు చూపించమని అడిగాను, మొహమాటపడలేదు. టీకా ఉన్నా సరే, పన్ను గీరుకుని చర్మం తెగితే సబ్బుతో, కారే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇప్పుడు కుక్క కాస్త నెమ్మదించింది, మావాడు చెయ్యి చాపి, అదే దగ్గరికి వస్తేనే నిమురుతున్నాడు. ఇక గేటు తీసేద్దామా అని వదిన అడుగుతున్నారు. నేనైతే ఇంకా వద్దనే అంటున్నా.