మేకు కొట్టకూడని ఇంట్లో అమ్మమ్మ సామాను

ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజే ఓనర్ ఆంటీ చెప్పేసింది, "మొళె హొడీబేడి" అని. నాకప్పటికి కన్నడ ముక్క రాదు గానీ ఆవిడ గోడ మీద వేలితో ఠకఠకా కొట్టి, తల అడ్డంగా ఊపేసరికి మేకుల సంగతే అని అర్థమైపోయింది. బెంగళూరులో కేఆర్ పురం దగ్గర రెండో అంతస్తు, రెండు బెడ్రూములు, పదకొండు నెలల అగ్రిమెంటు (ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి ఇక్కడ అందరూ పదకొండే రాస్తారు). ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసుకుంటారట. మేకు కొట్టినా కోస్తారు, కొట్టకపోయినా కోస్తారు. ఆ మాట ఆంటీతో అనే ధైర్యం నాకు లేదు.

సరిగ్గా అప్పుడే తెనాల్లో అమ్మమ్మ వాళ్ల ఇల్లు అమ్మేశారు. బంగారం పంపకాలు ఎప్పుడో అయిపోయాయి, ఫ్రిజ్ పెద్ద మావయ్య పట్టుకెళ్లాడు, భోషాణం ఏ గుమ్మంలోంచీ బయటికి రాక ఇల్లు కొన్నవాళ్లకే వదిలేశాం. దాన్ని లోపల పెట్టాకే గుమ్మాలు నిలబెట్టి ఉంటారని అమ్మ అనుమానం. చివరికి ఎవరికీ అక్కర్లేక మిగిలినవే నా వాటా అన్నమాట. తాతయ్య ఇనప ట్రంకు పెట్టె, గుడ్డ చిరిగిపోయిన పడక కుర్చీ, ఒక ఇత్తడి బిందె, ఒక గుండిగ, పాత చీరల మూట. అన్నీ నైట్ బస్సు డిక్కీలో వేసుకుని తెచ్చేశా. పొద్దున్నే దిగి ఆటో అతనికి ఆ బిందె చూపిస్తే "ఏం మేడం, పెళ్లా?" అని అడిగాడు, తెలుగులోనే.

దీనికి ముందు ఒక ఇంటీరియర్ అతను వచ్చి హాలంతా టేపు పెట్టి కొలిచి లక్షా ఎనభై వేలకి కొటేషన్ ఇచ్చి వెళ్లాడులెండి. అద్దింటికి! మా ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఊగుతున్న డైనింగ్ టేబుల్ కాలి కింద దోపాడు. అది మాత్రం బానే పనికొచ్చింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ముందు ట్రంకు పెట్టె. టీపాయ్ కొనాలంటే నాలుగైదు వేలు, ఇదేమో సరిగ్గా టీపాయ్ ఎత్తే ఉంది. అడుగున తుప్పు పడితే ఉప్పు కాగితంతో గీకి రెడ్ ఆక్సైడ్ వేశా, నేల గీసుకోకుండా కింద నాలుగు రబ్బరు ముక్కలు అంటించా. పైమూత మాత్రం ముట్టుకోలేదు, ఎందుకంటే తాతయ్య పేరు, కింద తెనాలి అని ఎవరో పెయింటర్ చేత తెల్లరంగుతో రాయించుకున్నాడు, అందులో చివరి అక్షరానికి చోటు చాలక కొంచెం కిందకి జారింది. చుట్టాలు ఎవరొచ్చినా కాఫీ కప్పు తీసుకెళ్లి సరిగ్గా దాని మీదే పెడతారు, నేను జరుపుతా, మళ్లీ పెడతారు. లోపల దుప్పట్లు, స్వెట్టర్లు. ఎంత తుడిచినా కలరా ఉండల వాసన పోలేదు, ఇప్పుడు డిసెంబర్‌లో దుప్పటి కప్పుకుంటే అమ్మమ్మ వాళ్ల ఇంట్లో పడుకున్నట్టే ఉంటుంది.

పడక కుర్చీకి కొత్త కాన్వాస్ గుడ్డ కుట్టించా, అంతే, 350 రూపాయలు. మా ఆయన అందులో కూర్చుంటే లేవడు.

కర్టెన్లు కొంటే కిటికీకి పదిహేను వందలు పైనే అవుతున్నాయి, మూటలో చూస్తే రెండు మంగళగిరి కాటన్ చీరలు ఉన్నాయి, కొంగు దగ్గర చిరిగాయి గానీ మిగతాదంతా గట్టిగా ఉంది. ఒక చీర ఐదున్నర మీటర్లు కదా, మడత కుట్టుతో కలిపి రెండు మీటర్ల ముప్పై చొప్పున రెండు పరదాలు తీస్తే ఇంకా 90 సెంటీమీటర్లు మిగులుతుంది, ఆ చిరిగిన కొంగు అందులోకే పోతుంది, పనికొచ్చినంతలో దిండు కవర్లు. పన్నా వెడల్పు ఎలాగూ కిటికీ రెక్కకి సరిపోతుంది. రాడ్డుకి మేకులొద్దు, కిటికీ గూట్లో బిగుసుకునే స్ప్రింగ్ రాడ్డు పెట్టేశా. సాయంత్రం ఎండ పడితే నిజాం అంచు నీడ నేల మీద పళ్లు పళ్లుగా పడుతుంది. ఇది నేను ప్లాన్ చేసింది కాదు, క్రెడిట్ మాత్రం తీసుకుంటున్నా.

అమ్మమ్మ పెళ్లి పట్టుచీర విషయంలోనే కష్టమైంది. మడతల దగ్గర మొత్తం చీలిపోయింది, ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే పట్టు, జరీ రెండూ అక్కడే తెగుతాయి (మీ బీరువాలో ఉంటే ఇవాళే తీసి మడత మార్చండి). పాత పట్టుచీరలు కొంటాం అని వీధుల్లో తిరుగుతారు చూడండి, వాళ్లు జరీ కాల్చి వెండి తీసుకోడానికి కొంటారు, అసలు జరీ అంటే పట్టు దారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత వేసింది. మావయ్య అమ్మేద్దాం అన్నాడు, అమ్మ ఆ రోజంతా అన్నం తినలేదు. నేను కొంగులో బాగున్న ముక్క, మూరెడు, కత్తిరించి ఫ్రేమ్ కట్టించా. షాపతను జిగురుతో అట్టకి అంటిస్తా అన్నాడు, వద్దని తెల్ల కాటన్ గుడ్డ మీద నేనే సన్న కుట్టుతో పట్టించి ఇచ్చా, అద్దం పట్టుకి ఆనకుండా మధ్యలో కొంచెం సందు వదలమన్నా, లేదంటే చెమ్మ పడుతుంది. ఎండ తగలని వైపు గోడకి పెడదాం అనుకుని స్టిక్కర్ హుక్ అంటించా. అదృష్టం బావుండి ముందు పాత క్యాలెండర్ తగిలించి చూశా. పదో రోజు అర్ధరాత్రి ఆ హుక్కు అరచేతంత పెయింటు పట్టుకుని మరీ కింద పడింది. ఇప్పుడు ఆ మచ్చ ముందు బీరువా ఉంది, ఫ్రేమేమో పుస్తకాల షెల్ఫ్ మీద గోడకి ఆనించి ఉంది, ఆంటీకి ఈ విషయం మీరెవరూ చెప్పకండి.

ఇక ఇత్తడి. తెచ్చిన రోజు రెండూ నల్లగా బొగ్గులా ఉన్నాయి. చింతపండు, ఉప్పు వేసి కొబ్బరి పీచుతో తోమా, చింతపండు పులుపుకి చిలుం కరిగి కొంచెం కొంచెంగా పసుపు బయటపడుతుంటే పని ఆపబుద్ధి కాదు. మాకొచ్చేది బోరు నీళ్లు, కడిగి అలా వదిలేస్తే ఆరేలోపు తెల్ల మచ్చలు, వెంటనే పొడిగుడ్డతో తుడవాల్సిందే, ఈ సంగతి నాకు మూడోసారి తోమాక తెలిసింది. గుండిగ అంచు కింద తోముతుంటే చుక్కలు తగిలాయి. సారె సామాను మీద పేర్లు కొట్టిస్తారు కదా, ఉలితో చుక్కలు చుక్కలుగా, అలాగ. అమ్మమ్మ పేరు ఉంటుందనుకుంటే కాదు, ఎవరిదో ఇంకో ఆడమనిషి పేరు, పక్కన రేపల్లె. అమ్మకి ఫోన్ చేస్తే తెలీదంది, పెద్ద పిన్నిని అడిగితే తాతయ్య మేనత్త అయ్యుండచ్చు అంది, చిన్న పిన్ని అసలు అది అరువు తెచ్చి ఇవ్వలేదేమో అంది. అయినా మా షెల్ఫ్ కింద చక్కగా కూర్చుంది, పిల్లాడి బంతులన్నీ అందులోనే. బిందె గుమ్మం పక్కన పెట్టి గొడుగులు వేశా, ఈ ఊళ్లో వాన ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి గొడుగులు చేతికందేలా ఉండాలి. చూసినవాళ్లంతా ఐడియా భలే ఉందన్నారు. మొత్తం ఖర్చు అన్నీ కలిపి 6,000 లోపే.

పోయిన నెల అమ్మ వచ్చింది. చెప్పులు విప్పుతూ బిందె చూసి అక్కడే ఆగిపోయింది. "ఏంటే ఇది? మంచినీళ్ల బిందెలో గొడుగులా? పక్కన చెప్పులా?" బ్యాగు కూడా దింపకుండా గొడుగులు తీసి అవతల పడేసింది. సాయంత్రానికి బిందె తోమి, బొట్టు పెట్టి వంటింటి గట్టు మీద నీళ్లు పోసి పెట్టింది. మర్నాడు గుండిగలో బంతులు తీయించి లోపల చెయ్యి పెట్టి చూసి, కళాయి మొత్తం పోయింది, ఇలా పులుసు కాచకూడదు, తగరం పూయించు అంది. కన్నడలో కూడా దాన్ని కలాయే అంటారట, ఓనర్ ఆంటీ చెప్పింది, వాళ్లిద్దరూ భాష లేకుండానే గంటసేపు దాని గురించే మాట్లాడుకున్నారు, చిక్‌పేట వైపు ఇత్తడి షాపుల్లో అడిగితే ఎవరు వేస్తారో చెప్తారని తేల్చారు.

అమ్మ వెళ్లిపోయింది. గుండిగ కళాయికి వెళ్లాలి, బంతులు హాలంతా దొర్లుతున్నాయి. గొడుగులు బాత్రూంలో ప్లాస్టిక్ బకెట్లో ఉన్నాయి, మా ఆయన రోజూ పొద్దున్నే వాటిని తీసి పక్కన పెట్టి స్నానం చేస్తున్నాడు.