గుట్ట మీది పాలచెట్టు: అంకుడా, కొడిసెపాలా? పది నెలల లాగ్

ములుగు దగ్గర మా ఊళ్ళో గుట్ట ఎక్కే దారిలో ఒక చెట్టుంది, రెండు నిలువులు ఉంటుందేమో, చిన్నప్పట్నుంచీ చూస్తున్నా కానీ పేరు తెలీదు. ఆగస్టులో ఇంటికి పోయినప్పుడు చిన్నాయన్ని అడిగితే "పాలకొడిసె గదరా" అన్నాడు, అదే సాయంత్రం గొర్లు తోలుకొస్తున్న పెద్దాయన "కాదు బిడ్డా, అంకుడు" అన్నాడు, ఫోన్లో ఫొటో పెడితే యాప్ గన్నేరు అంది. ఇక మనమే తేల్చుకుందాం అని నోట్‌బుక్ కొన్నా.

ఆగస్టు: అప్పటికి ఆకులే ఉన్నాయి. కొమ్మకి ఎదురెదురుగా జంటలు జంటలు, తుంచితే తెల్లటి పాలు. పది ఆకులు స్కేలు పెట్టి కొలిచా, 9 నుంచి 13 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు 4 దాటలేదు. పాలు కంట్లో, నోట్లో పడకుండా చూసుకోండి, ఇది గన్నేరు కుటుంబమే (యాప్ మరీ అబద్ధం ఆడలేదన్నమాట). నా చొక్కా మీద పడిన చుక్క గోధుమ రంగు మచ్చయి కూర్చుంది, ఎన్ని ఉతుకులకీ పోలేదు.

గొడవంతా పేరుతోనే. పాలకొడిసె అని రెండు చెట్లనీ అంటారు. ఒకటి శాస్త్రీయ నామంతో రైటియా టింక్టోరియా, అదే అంకుడు, కొందరు తెడ్లపాల అంటారు. రెండోది హోలరీనా ప్యూబెసెన్స్, కొడిసెపాల, ఆయుర్వేదంలో విరేచనాలకి బెరడు వాడే కుటజం ఇదే. రెండింటికీ పాలొస్తాయి, రెండూ తెల్లగా పూస్తాయి, రెండింటికీ సన్నగా పొడుగ్గా జంట కాయలే, కాబట్టి ఊళ్ళో వాళ్ళని అడిగి లాభం లేదు, వాళ్ళు చెప్పేది తప్పని కాదు, ఒక్క పేరు రెండు చెట్లకి సరిపోతోంది అంతే.

సెప్టెంబరు: ఆకుల్ని న్యూస్‌పేపర్ మడతల్లో పెట్టి పైన బియ్యం డబ్బా పెట్టా, మర్చిపోయా. పదిహేను రోజులకి తీస్తే నల్లగా ఉన్నాయి, బూజు పట్టిందనుకుని పారేశా. తర్వాత చదివితే తెలిసింది, అంకుడు ఆకు ఎండితే నల్లబడటం దాని లక్షణమే, ఆకులో నీలిరంగు ఉంది, టింక్టోరియా అంటేనే అద్దకానికి పనికొచ్చేది అని. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ ఆకుల నుంచి నీలిమందు తీసే పద్ధతి కూడా రాసిపెట్టాడు. నేనేమో మంచి సాక్ష్యాన్ని చెత్తబుట్టలో వేశా.

జనవరి: సంక్రాంతికి పోతే ఒక్క ఆకు లేదు, కాయలు మాత్రం వేలాడుతున్నాయి. రెండు కాయలు ఒకే కాడ నుంచి బయల్దేరి, మధ్యలో వంగి, కింద కొసల దగ్గర మళ్ళీ అతుక్కుని ఉన్నాయి. టేపుతో కొలిస్తే 34 సెంటీమీటర్లు. చిన్నాయన చెరువు వెనకాల ఇంకో చెట్టు చూపించి "ఇదీ పాలకొడిసెనే" అన్నాడు. దాని కాయలు జంటే కానీ కొసలు విడివిడిగా ఉన్నాయి, పైన తెల్లటి చుక్కలు, కింద రాలిన ఆకు జానెడుంది, కాడ ఉందా లేదా అన్నట్టుంది. అప్పుడే సగం తేలిపోయింది.

మార్చి: కాయలు పగులుతున్నాయి. పగలకముందే ఒకటి కోసి దారం చుట్టి కాగితం కవర్లో పెట్టుకోండి, నేను అలా చెయ్యకుండా ఫ్యాన్ కింద విప్పా, ఇల్లంతా దూది, అమ్మ చీపురు నా చేతికే ఇచ్చింది. చూడాల్సింది గింజకి దూదికుచ్చు ఎటు వైపుందని. అంకుడులో కుచ్చు కాయ కాడ వైపు, కొడిసెపాలలో కాయ కొస వైపు. పగిలి గింజలు రాలాక ఇది కనిపెట్టలేం, అందుకే దారం.

మే: పూలు! ఈ ఒక్క నెల కోసం ఇన్నాళ్ళు ఆగా అనిపించింది. మల్లెకి దగ్గరి వాసన. నల్ల గుడ్డ ముక్క మీద పెట్టి 10 రెట్ల లెన్సుతో చూస్తే అయిదు రేకుల మధ్య తెల్లటి దారాల కుచ్చు, అందులోంచి కేసరాలన్నీ కలిసి మొనలా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. చెరువు వెనకాల చెట్టు పువ్వులో ఆ కుచ్చు లేదు, మధ్యలో చిన్న కంత, కేసరాలు గొట్టం లోపలే దాక్కున్నాయి. మొదట్లోనే పువ్వు దొరికి ఉంటే రెండు నిమిషాల పని ఇది.

మొత్తానికి గుట్ట మీదిది అంకుడే, గొర్ల పెద్దాయన కరెక్ట్. మా పాప ఆడుకునే లక్కపిడతలు ఏటికొప్పాకవి, 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినవి, ఆ బొమ్మలు చేసేది అంకుడు కర్రతోనే. పాపకి చెప్తే చెట్టెక్కి గిన్నెలు కోసుకొద్దామంది.

ఇప్పుడు కొత్త తలనొప్పి, గుట్ట అవతల ఇంకో పాలచెట్టు. ఆకు రెండు వైపులా మెత్తటి నూగు, పాలు కాస్త పసుపు. అంకుడుకి దగ్గరి చుట్టం రైటియా అర్బోరియా అని అనుమానం, అదే అయితే కాయలు కొసల దగ్గరే కాదు, నిలువునా అతుక్కుని ఒక్క కాయలా ఉండాలి. కొమ్మకి గుర్తుగా ఎర్ర దారం కట్టి వచ్చాను, మేకలు తినకపోతే డిసెంబరులో చూడాలి.