తాతయ్య కారుకి ఇంకో సీటు

మా వాడికి మూడేళ్ల తొమ్మిది నెలలు. పొద్దున బడిలో నేను దింపుతాను, మధ్యాహ్నం వాళ్ల తాతయ్య, అంటే మా మామయ్య, తీసుకొస్తారు. కార్లు రెండు, పిల్లాడి సీటు ఒకటే. రోజూ వాణ్ణి దింపి ఇంటికొచ్చి, సీటు ఊడదీసి గుమ్మంలో పెట్టి ఆఫీసుకి పరిగెత్తేదాన్ని. దాన్ని మామయ్య తన కారులో బిగించుకునేవారు. ఆర్నెల్లు ఇలాగే నెట్టుకొచ్చాం.

ఒకరోజు నేను ముందే ఇంటికి చేరాను. మామయ్య కారులోంచి వాణ్ణి దించుకుంటూ సీటు మీద చెయ్యి ఆనిస్తే పీట జరిగినట్టు పక్కకి జరిగింది. కారు బెల్టు దూర్చే చోట పట్టుకుని ఊపి చూస్తే అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. అది నాలుగు వేళ్ల మేర ఊగింది. నాకు కాళ్లు చల్లబడ్డాయి. మామయ్యని ఏమంటాను? మోకాలితో సీటును అదిమి బెల్టు లాగాలి కదా, ఆయనకు ఆ మోకాళ్లే నొప్పి.

సరే, అదే మోడల్ ఇంకోటి కొనేద్దాం అనుకున్నాను. అయితే మామయ్య కారు పాతది. వెనక సీటు సందులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిల్లల సీటును బెల్టు లేకుండా నేరుగా కారుకి తగిలించే ఐసోఫిక్స్ కడ్డీల కోసం వెతికితే ఓ పెన్ను మూత, ఓ నాణెం దొరికాయి. కడ్డీలు లేవు. నా సీటు ఆ కడ్డీలతో బాగా కూర్చుంటుందే గానీ బెల్టుతో బిగించాలంటే మా చెడ్డ పేచీ పెడుతుంది. మామయ్య ఇన్నాళ్లూ పడ్డ అవస్థ అదే.

అత్తయ్య మాత్రం తేల్చేశారు. "బూస్టర్ కొనెయ్యమ్మా. వదిన వాళ్ల పాపకి అదే కదా, ఎంత తేలిగ్గా ఉంటుందో." ఆ పాపకి ఏడేళ్లు. బూస్టర్ తనంతట తాను పిల్లల్ని పట్టి ఉంచదు. కారు బెల్టు భుజం మధ్య నుంచి, తొడల మొదట్లో నుంచి పోయేలా ఎత్తు మాత్రం ఇస్తుంది. దాంట్లో కూర్చోవాలంటే నాలుగేళ్లయినా నిండాలంటారు. కొన్నిటి మీద కనీసం 15 కిలోలని, కొన్నిటి మీద 18 అని ఉంటుంది. మావాడు 16 కిలోలు. బరువు ఒక్కటే చూస్తే కొన్నిటికి సరిపోతాడు కాబట్టి షాపులో కూర్చోబెట్టి చూశాను. రెండు నిమిషాలు బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. చేతిలో బొమ్మ జారిందని వంగాడు, లేచేసరికి భుజం మీద ఉండాల్సిన బెల్టు చంక కిందకి వచ్చేసింది. వీడు బడి నుంచి వచ్చేటప్పుడు సగం రోజులు నిద్రపోతాడు కూడా. ఇక బూస్టర్ ఊసు ఎత్తలేదు.

వెనక్కి తిరిగి కూర్చునే సీటు వైపు కాస్త మనసు లాగింది. ఈ వయసులో తల బరువు ఎక్కువ, మెడ ఎముకలు ఇంకా లేతవి. స్వీడన్‌లో నాలుగేళ్ల దాకా అలాగే కూర్చోబెడతారు. కానీ ఆ చిన్న కారులో అది పట్టాలంటే ముందు సీటు ఎంత ముందుకు జరపాల్సి వచ్చిందంటే, అత్తయ్య కూర్చుంటే మోకాళ్లు డాష్‌బోర్డుకి తగులుతున్నాయి. పక్కింటివాళ్లు తమ పాత సీటు ఇస్తామన్నారు. మంచి మనసుతోనే అన్నారు. తిరగేసి చూస్తే తయారీ తేదీ ఉన్న లేబుల్ చిరిగిపోయి ఉంది. ఆ ప్లాస్టిక్‌కి కూడా గడువు ఉంటుంది. ఎన్నాళ్లదో తెలియని సీటు వద్దని మెల్లగా చెప్పాను.

ఐదు పట్టీల హార్నెస్, అంటే పిల్లాణ్ణి సీటుకే కట్టి ఉంచే పట్టీలు, ఉన్నదే కావాలని తేలింది. అక్కడ అంకెల గొడవ. కొన్నిటి మీద బరువు, కొన్నిటి మీద ఎత్తు. యూరప్ పాత ప్రమాణం ఆర్ 44 కిలోల లెక్కన గ్రూపులు చేస్తే, తర్వాత వచ్చిన ఆర్ 129 సెంటీమీటర్ల లెక్క చెబుతుంది. 9 నుంచి 18 కిలోల గ్రూపుది కొంటే ఏడాది తిరిగేలోపు మళ్లీ షాపుకి రావాలి. అందుకని హార్నెస్‌నే 25 కిలోల దాకా వాడుకోగలిగేవి మూడు ఏరుకుని, కారు తెచ్చి షాపు ముందే పెట్టించాం. నన్నడిగితే కారులో పెట్టి చూడనివ్వని చోట సీటు కొనకపోవడమే మేలు.

మొదటిది చూడముచ్చటగా ఉంది. కారు హెడ్‌రెస్ట్ దాన్ని ముందుకు తోసేసింది, ఆ హెడ్‌రెస్ట్ ఊడి రాదు. రెండోదాంట్లో కారు బెల్టు బకిల్ సరిగ్గా సీటు అంచు మీదకి వచ్చి అడ్డంగా వంగి కూర్చుంది. బిగించినకొద్దీ బకిల్ మెలి తిరుగుతోంది తప్ప సీటు దిగడం లేదు. మూడోదానికి బెల్టును నొక్కి పట్టే క్లిప్పు ఉంది. మోకాలు ఆనించి లాగి క్లిప్పు వేశాను. ఊపితే కారు కదిలింది గానీ సీటు కదల్లేదు. సీటు పైభాగాన్ని కారుకి కట్టే టెథర్ పట్టీకి కొక్కెం ఎక్కడా అని వెతుకుతుంటే మామయ్యే వెనక అద్దం కింద చిన్న ప్లాస్టిక్ మూత తెరిచి చూపించారు. "ఇన్నేళ్లూ ఇదెందుకో అనుకునేవాణ్ణి" అన్నారు. గుద్దుకున్నప్పుడు పిల్లాడి తల ముందుకి తూలే దూరాన్ని తగ్గించేది ఆ పట్టీయే.

అన్నీ కుదిరాయని డబ్బు కట్టబోతుంటే ఆయన హార్నెస్ విప్పే ఎర్ర మీట నొక్కి చూశారు. బొటనవేలితో కాలేదు. రెండు చేతులా నొక్కినా కాలేదు. అప్పుడు వెలిగింది నాకు. ఇకమీదట బిగించి వదిలేసే సీటు ఇది, ఊడదీసే పనే లేదు. అంటే దాని బరువెంతైనా ఒకటే. రోజూ ఆయన చేయాల్సింది వాణ్ణి కట్టడం, విప్పడం. నేను ఆ ఒక్కటే చూడలేదు. అదే కంపెనీలో ఇంకో రకం తెప్పించి, మళ్లీ కారులో బిగించి, ఈసారి ముందు మామయ్య బొటనవేలితో చూశాం. టక్కున వచ్చింది. రంగు నాకు నచ్చలేదు, పోనీలే.

ఇంటికొచ్చాక ఆయనకు రెండే చెప్పాను. స్వెటర్ ఉంటే విప్పి కట్టాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో పట్టి చూడాలి, మడత చిక్కితే వదులుగా ఉన్నట్టు. మూడోది మాత్రం నేనే మర్చిపోయాను. ముందుకి చూసే సీట్లో పట్టీలు భుజాలకు సమానంగానో, కాస్త పైనో ఉండాలి. వాడు పొడవవుతుంటే నా కారులో సీటుకి ఒక మెట్టు పెంచాను గానీ తాతయ్య కారులోది అలాగే ఉండిపోయింది. పోయిన వారం మామయ్యే ఫోన్ చేసి, "అమ్మా, పట్టీలు వీడి భుజాల కిందకి పోయాయి, ఎలా పెంచాలి?" అని అడిగారు.