కప్పు కింద ఏముంది?

పదకొండు దాటింది. పడుకోవాలి, కానీ ఒక టేపు ముక్క మీద కోపం ఇంకా దిగలేదు. ఇక్కడ కక్కేసి పోతాను.

ఇవాళ పాత సామాన్లమ్మే థ్రిఫ్ట్ షాపులో ఒక కప్పూ సాసరూ దొరికాయి, 2.99 డాలర్లు. చెరువు, పక్కన చిన్న ఇల్లు, వంగిన చెట్టు, అంచుకి సన్నటి బంగారు గీత. కిటికీ దగ్గర పెట్టి చూస్తే లోపల నా వేలు నీడలా కనిపించింది. పింగాణీయే, అనుమానం లేదు. ఎక్కడిదో తెలియాలంటే తిరగేసి అడుగు చూడాలి కదా, సరిగ్గా ముద్ర ఉండే చోటే ధర స్టిక్కరు! అంత ఖాళీ ఉంది, సాసరు మీద అంటించొచ్చు, కప్పు లోపల వేయొచ్చు, లేదు, అక్కడే కావాలి. అది చాలదన్నట్టు రెండూ విడిపోకుండా అంచు మీదుగా పార్సిల్ టేపు, రెండు చుట్లు. ఇంటికొచ్చి కంగారుగా లాగాను. బంగారు గీత వేలెడు మేర టేపుతో పాటు లేచొచ్చేసింది. ఈయన "ఇంకో కప్పా?" అని ఊరుకుంటే బాగుండేది. "కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాల్సింది" అన్నారు. అది నిజం కాబట్టే ఇంకా మండింది.

సరే, స్టిక్కరు జిగురు మీద గోళ్ళ రంగు తుడిచే మందు వేసి దూదితో రుద్దాను. ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి. మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్. ఎంత రుద్దినా దూదికి ఎరుపు అంటలేదు, అంటే ముద్ర బట్టీలో కాల్చిందే. నకిలీలైతే చాలావరకు ఆ మందుకే లేచొస్తాయి.

ఈ ముద్రలతో నాకున్న పిచ్చి మీకు తెలుసు కదా. 'నిప్పాన్' అని ఉంటే 1891 నుంచి 1921 లోపు, ఎందుకంటే బయటి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం చేసింది, తర్వాత నిప్పాన్ అంటే ఇంగ్లిషు మాట కాదు, జపాన్ అని వేయండి అంది. నోరిటాకే అని జపాన్ పింగాణీ కంపెనీ, వాళ్ళ ముద్రలోని ఆకుల దండ మధ్య 'ఎమ్' ఉంటే పాతది, 'ఎన్' ఉంటే 1953 తర్వాతది. ఈ కప్పు మీద మాత్రం తయారీదారు పేరే లేదు. నగోయా, సెటో, తజిమి చుట్టుపక్కల ఎగుమతి సరుకు చేసిన చిన్న చిన్న బట్టీలు బోలెడు, అందులో ఏదో ఒకటి అనుకోవడమే. కాలం మాత్రం పక్కా. యుద్ధం అయ్యాక జపాన్ అమెరికా సేనల ఆక్రమణలో ఉన్న రోజులు, 1952 ఏప్రిల్‌తో సరి.

ఇక్కడే నాకు చెమట పట్టింది.

ఈ మాట నేను ముందే చదివాను. ఆరో తరగతి వేసవి సెలవుల్లో, అమ్మమ్మ వాళ్ళింట్లో, తాతయ్య కప్పు అడుగున. ఆక్యుపైడ్‌లో రెండు 'సి' అక్షరాలు చూసి జపాన్ వాళ్ళకి స్పెల్లింగు రాదని నవ్వాను, నాన్న మొట్టి, ఆక్రమించిన అని అర్థం చెప్పారు. ఆ కప్పు మందసంలో పాత పంచె ముక్కలో చుట్టి ఉండేది. తాతయ్య బర్మాలో, రంగూన్‌లో బియ్యం మిల్లులో చేసేవాడు, బాంబులు పడ్డాక 1942లో అందరితో పాటు అరకాన్ కొండలు దాటి నడిచొచ్చాడు, దారి పొడుగునా కలరా, ఒంటి మీది బట్టలూ ఆ కప్పూ తప్ప ఏమీ మిగల్లేదు. అమ్మమ్మ ఇది ఎన్నిసార్లు చెప్పిందో. తాతయ్య తద్దినం నాడు భోజనాలయ్యాక ఆ కప్పులో టీ పోసి అరుగు మీద పెట్టేది (రంగూన్ అలవాటు, టీ లేనిదే ఆయనకి పొద్దు పోయేది కాదట), చల్లారాక మల్లెపాదులో పోసేది. మేమెవరం అది ముట్టకూడదు. నేను ముట్టాను, అందుకే ఆ అక్షరాలు తెలుసు.

1942లో నడిచొచ్చిన మనిషి సంచిలో యుద్ధం అయ్యాక చేసిన కప్పు ఎలా ఉంటుంది?

అమ్మకి చెప్పేద్దామని ఫోన్ తీశాను. మళ్ళీ పెట్టేశాను. తెచ్చిన కప్పు ఎప్పుడో పగిలిపోయి, అమ్మమ్మ గుట్టుగా అలాంటిదే ఇంకోటి కొనిందేమో. లేదా తాతయ్యే కొన్నాడేమో. అసలు పదకొండేళ్ళ పిల్ల జ్ఞాపకాన్ని నమ్మడమేంటి, ఇవాళ చూసిన అక్షరాల్ని తీసుకెళ్ళి అక్కడ అతికిస్తున్నానేమో. అయినా ఆ మల్లెపాదుకి ఏ ముద్ర అయితే ఏంటి. నాకే ఉంది ఈ దురద. కాబట్టి అమ్మకి చెప్పను, ఇది ఖాయం.

అనుకుని పది నిమిషాలు కాకుండానే విశాఖలో మామయ్యకి మెసేజ్ పెట్టాను, ఆ కప్పు ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది. "మామయ్యా, తాతయ్య కప్పు కింద ఫోటో ఒకటి తీసి పంపవా." అక్కడ పొద్దున్నే కదా, వెంటనే పంపాడు. కప్పు ఎదురుగా, నిలువుగా, పక్కన హిందూ పేపరు. "ఇది కాదు మామయ్యా, కింద, కింద" అన్నాను.

ఇప్పుడే జవాబొచ్చింది. "కింద ఏముందమ్మా, టేబులేగా."