‘ఏదైనా హాబీ పెట్టుకోండి’ అన్నారు

డిప్రెషన్‌తో జబ్బుపడిన రోజుల్లో నాకు అన్నింటికంటే ఎక్కువ కోపం తెప్పించిన సలహా ‘ఏదైనా మంచి హాబీ పెట్టుకోండి’ అన్నది. కడుపులో మంట అని వెళితే ఎండోస్కోపీ చేయించి, అంతా బాగానే ఉందని కాగితం చేతిలో పెట్టి, నేను కుర్చీలోంచి లేచేలోపు ఒక డాక్టరుగారు అన్న మాట అది. తరువాత మా ఆడపడుచు అంది. ఆఫీసులో అన్నారు. లిఫ్టులో ఎదురైన మూడో అంతస్తు పిన్నిగారూ అన్నారు. పాటలు వినాలట, మొక్కలు పెంచాలట, యోగా చేయాలట. అప్పటికి నాకు తల దువ్వుకోవడమే ఒక పూట పని. పాటలు వినడానికైనా ఏ పాట వినాలో తేల్చుకోవాలి కదా! కూరగాయల బండి దగ్గర బెండకాయలు తీసుకోవాలో దొండకాయలు తీసుకోవాలో తేలక, ఏదీ కొనకుండా మెట్లెక్కి వచ్చేసే స్థితిలో ఉన్నాను నేను.

విశాఖపట్నం పోర్టు దగ్గర ఓడ సరుకుల క్లియరెన్సు చూసే ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఇల్లు పెదవాల్తేరులో. మార్చి లెక్కలు ముగిసే రోజుల్లో నిద్ర తగ్గడం ఏటా ఉన్నదే కనుక మొదట ఎవరమూ పట్టించుకోలేదు. ఏప్రిల్ వచ్చింది, మే వచ్చింది, నిద్ర మాత్రం రాలేదు. పడుకోగానే పట్టేది, మూడు గంటలకల్లా మెలకువ వచ్చేసేది. ఆపైన తెల్లవారేదాకా గుండె మీద ఏదో పెట్టినట్టు బరువు. అన్నం సహించదు. నోట్లో పెట్టుకున్నది పచ్చడో పప్పో నాలుకకు తేడా తెలియదు. సాయంత్రానికి కాస్త నయంగా ఉండేది. దాంతో చూసేవాళ్లకు నేను పొద్దున నటిస్తున్నానేమో అనిపించేది.

‘కారణం ఏమిటి?’ అని అందరూ అడిగేవారు. మంచం పట్టిన మా అత్తగారికి చాలాకాలం చేశాను, ఆవిడ అంతకు ముందు ఏడు పోయారు. అబ్బాయి చదువుకని చెన్నై వెళ్లాడు. ఇవి కారణాలంటే కారణాలే. ఇంతకంటే పెద్ద కష్టాలు పడి నిలబడ్డవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మా వారు ఒకరోజు, ‘హుద్‌హుద్‌కే జంకనిదానివి, ఇప్పుడేమైంది?’ అన్నారు. నిజమే. 2014 అక్టోబరు 12న తుపాను ఊరిని ఊడ్చేశాక కరెంటు లేని చీకట్లో అత్తగారికి వేడినీళ్లు కాచిందీ, పాల కోసం వరసలో నిలబడిందీ నేనే. అప్పుడు చేయవలసిన పని కళ్లెదుట ఉండేది. ఇప్పుడు ఆ పని ఏమిటో కనబడలేదు. బొబ్బిలి నుంచి అమ్మ వచ్చి దిష్టి తీసి, సింహాచలం తీసుకెళ్లింది. అప్పన్న దర్శనానికి నిలబడ్డంతసేపు కొంచెం తెరిపిగా ఉన్నమాట వాస్తవం. కొండ దిగేసరికి మళ్లీ అంతే.

చివరికి మా వీధి డాక్టరుగారే థైరాయిడ్, రక్తహీనత, బి12, చక్కెర పరీక్షలన్నీ చేయించి, ‘ఇక మీరు సైకియాట్రిస్టుకు చూపించుకోవాలమ్మా’ అన్నారు. మా పెదవాల్తేరు పక్కనే చినవాల్తేరు. అక్కడ బ్రిటిష్ కాలం నాటి ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే అక్కడ చేర్పించాలని వేళాకోళమాడడం కాపురానికి వచ్చిన నాటి నుంచీ వింటున్నాను, నవ్వాను కూడా. అందుకని డాక్టరుగారి మాట వినగానే ఒళ్లు చల్లబడింది. మా వారు ఏమీ అనకుండా వెళ్లి ఒక ప్రైవేటు క్లినిక్‌లో టోకెను తీసుకువచ్చారు. ఆ క్లినిక్‌లో కూర్చున్నవాళ్లు బ్యాంకు కౌంటరు ముందు కూర్చున్నవాళ్లలాగే ఉన్నారు. ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు, ఒక అమ్మాయి పరీక్ష పుస్తకం ముందేసుకుని ఉంది.

తొమ్మిది ప్రశ్నల పత్రం ఇచ్చారు. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి ఎలా ఉంది, నిద్ర, ఆకలి, ఏకాగ్రత ఎలా ఉన్నాయి అని. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు. తొమ్మిదోది చావు గురించిన ఆలోచనలు. డాక్టరుగారు దాన్ని దాటేయకుండా మళ్లీ నోటితో అడిగారు. ‘చచ్చిపోదామని కాదు, నిద్రలోనే పోతే బాగుండుననిపిస్తుంది’ అన్నాను. మా వారి ముందు ఆ మాట అనడం అదే మొదలు. ఆయన ముఖం చూడలేకపోయాను. డాక్టరుగారు మాత్రం ఉలిక్కిపడలేదు. జ్వరం ఎన్నాళ్ల నుంచి అని అడిగినంత మామూలుగా, అది ఎప్పటి నుంచి, ఎంత తరచుగా, ఏదైనా చేసుకోవాలని అనిపించిందా అని అడిగి రాసుకున్నారు. అలా మామూలుగా అడగడమే నాకు సగం బలం. ఆ ఆలోచన ముదిరితే వెంటనే రావాలన్నారు, వేళకాని వేళైతే 14416కు ఫోను చేయమన్నారు. అది టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టినది. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ అంకె మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికీ అంటించి ఉంది.

మందు రాశారు. మొదట్లో కడుపులో వికారం, నోరు ఎండిపోవడం. ఇది తలనొప్పి మాత్ర కాదనీ, గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుందనీ, బాగైనట్టు అనిపించినా నెలల తరబడి వాడాలనీ, సొంతంగా ఆపేయకూడదనీ ముందే చెప్పారు కనుక భయపడలేదు. ఇక మీదట చెప్పబోయేది ముగ్గుల సంగతి. ఈ కథంతా వాటి గురించే అని ఎవరికైనా అనిపిస్తుందేమో, అందుకే ఇక్కడే చెబుతున్నాను: మందు లేకుండా నేను ముగ్గుగిన్నె ముందు కూర్చోగలిగేదాన్నే కాదు.

ముగ్గుల సంగతి సైకాలజిస్టుతో మొదలైంది. మా అబ్బాయి కంటే నాలుగేళ్లు పెద్దదేమో, చిన్నపిల్ల. ‘ఏమైనా చేయాలనిపించాక చేద్దామని చూస్తున్నారా?’ అని అడిగింది. అవునన్నాను. ‘ఈ జబ్బులో అది తిరగబడుతుంది మేడమ్. అనిపించడం ముందు రాదు. చేస్తుంటే, చాలా ఆలస్యంగా, వెనకాల వస్తుంది.’ పనులు తగ్గించుకున్న కొద్దీ మనసుకు ఊతం తగ్గుతుంది, ఊతం తగ్గిన కొద్దీ మరిన్ని పనులు మానేస్తాం, ఆ చుట్టును పని వైపు నుంచి తెంచాలి అని బొమ్మ గీసి చూపించింది. పీటర్ లెవిన్‌సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1970లలోనే ఈ దారిలో చికిత్స చేశాడని తరువాత చదివాను. ‘హాబీ పెట్టుకోండి’ అన్నవాళ్లెవరూ ఈ ముక్క చెప్పలేదు. హాబీ అంటే ఇష్టంతో చేసేదని వాళ్ల లెక్క. ఇష్టమనేదే ఊడిపోయిన మనిషికి అది ఏ విధంగా అందుతుంది?

ఒక నోటుపుస్తకం పెట్టించింది. రోజంతా చేసిన పనులు రాసి, ఒక్కోదానికి రెండు మార్కులు వేయాలి: ఎంత హాయిగా ఉంది, చేశానన్న తృప్తి ఎంత. పదికి ఎన్ని. స్నానానికి కూడా మార్కులే. లెక్కలు రాసేదాన్ని కనుక గళ్లు గీయడం వరకు బాగానే చేశాను. హాయి గడి నిండా చాలాకాలం సున్నాలే. తృప్తి గడిలో మాత్రం అక్కడక్కడ రెండు, మూడు. ‘చూశారా, రెండూ ఒకటి కాదు’ అంది ఆ అమ్మాయి.

చిన్నప్పుడు ఎవరూ చెప్పకుండానే చేసిన పని ఏమిటని అడిగితే చాలాసేపటికి ‘ముగ్గు’ అన్నాను. రోజూ పది నిమిషాలు, అంతకు మించకూడదని నియమం పెట్టింది. బాగా రావాలన్న నియమం లేదు.

బొబ్బిలిలో కల్లాపి చల్లిన నేల మీద వేసిన చేయి నాది. ఇక్కడ గడప ముందున్నది నున్నటి గ్రానైట్ పలక. ఆరిపోయిన రాయి మీద వేస్తే సముద్రపు గాలికి పిండి లేచిపోతుంది, తడి ఎక్కువైతే పేస్టులా అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, మెరుపు పోయి మసకబారే క్షణం దాకా ఆగాలి. ముగ్గుపిండిలో పిడికెడు బియ్యప్పిండి కలిపితే గీత సన్నగా సాగుతుంది, చీమలకూ కాస్త దొరుకుతుంది. మా ఊరి తేమకు డబ్బా మూత గట్టిగా పెట్టకపోతే మర్నాటికి ఉండలే.

మొదటిది 5 చుక్కలు, సందు చుక్కలు 3 వరకు. మధ్యలో అయిదు, అటూ ఇటూ నాలుగు, ఆపైన మూడు. పంతొమ్మిది చుక్కలే. వాటి చుట్టూ మెలికల ముగ్గు. మెలికలో గీత చుక్కను తాకకూడదు, ఒక్క చుక్కనూ వదలకూడదు, ఎక్కడ మొదలైందో తిరిగి అక్కడికే రావాలి. బొటనవేలు చూపుడువేలి మీద ఎంత ఆనించాలి, ఎంత వదలాలి అనేది వేళ్లకు జ్ఞాపకం ఉంది. కాని మూడో మలుపులో చెయ్యి వణికి, గీత లావుగా పడింది. మధ్యలో ఒకచోట తప్పి, ఏ దారిన వచ్చానో వెనక్కి చూసుకోవలసి వచ్చింది. లేచి నిలబడ్డాక తెలిసింది, ఆ కాసేపు నా తలలో ఆ రోజు సంగతి గాని నిన్నటి సంగతి గాని ఏదీ తిరగలేదని. నోటుపుస్తకంలో తృప్తి మూడు, హాయి సున్నా అని రాశాను. అది అబద్ధం కాదు. ఆలోచన ఆగడం హాయి కాదు, అంతకు ముందు మెట్టు.

నాకు ముగ్గు ఎందుకు పట్టిందో తరువాత ఆలోచించుకున్నాను. అది మిగలదు. తొమ్మిది గంటలకు మా అపార్టుమెంటు ఊడ్చే అప్పాయమ్మ వచ్చి, ‘ఉంచమంటారా అమ్మా, తుడిచేయమంటారా?’ అనేది. తుడిచేయమనేదాన్ని. మొక్క అయితే ఎండిపోయి నన్ను నిలదీస్తుంది. సగం అల్లిన స్వెట్టరు బీరువాలోంచి దెప్పుతుంది. ముగ్గు మీద నిన్నటి బాకీ ఉండదు. అందరికీ ముగ్గే పనికొస్తుందని నా అభిప్రాయం కాదు. మా ఆఫీసులో ఒకాయనకు పాత రేడియోలు విప్పి బిగించడంతో కుదుటపడింది. ఆయన తన సంగతి నాకు చెప్పింది కూడా, నేను నా మాత్రల డబ్బా భోజనాల బల్ల మీద దాచకుండా పెట్టిన రోజునే.

రెండోది పొద్దుటి నడక. నిద్ర లేచిన గంటలోపు వెలుతురు కళ్లకు తగిలితే లోపలి గడియారం సర్దుకుంటుందనీ, అప్పుడు రాత్రి నిద్ర దారికి వస్తుందనీ డాక్టరుగారు చెప్పారు. తూర్పున సముద్రమున్న ఊళ్లో వెలుతురుకు కొదవేమిటి! కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ జంక్షన్ దాకా బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున బండ్లను రానివ్వరు. రోడ్డు మధ్యలో పిల్లలు స్కేటింగ్ చేస్తుంటారు, పెద్దవాళ్ల నవ్వుల సంఘాలు గట్టిగా నవ్వుతుంటాయి. ఆ నవ్వుల పక్కనుంచి నడవడం మొదట్లో నాకు శిక్షే. నా వంతు సందు చివరి టీ కొట్టు దాకా, తరువాత కింద రోడ్డు దాకా, చివరికి సబ్‌మెరైన్ దాకా. ఐఎన్‌ఎస్ కుర్సుర 2001లో నౌకాదళంలో పని విరమించి, మరుసటి ఏడాది నుంచి ఇసుక మీదే ఉంది. దాన్ని ఎవరూ హాబీ పెట్టుకోమనరు కదా అని అసూయగా ఉండేది.

కృతజ్ఞతలు రాసుకునే పుస్తకం నాకు పనికిరాలేదు. రోజూ మూడు మంచి విషయాలు రాయమంటే, ఇన్ని ఉండి కూడా ఇలా ఉన్నానే అన్న సిగ్గే పెరిగింది. ఫోనులో ధ్యానం చెప్పే గొంతు విన్నకొద్దీ చిరాకు వేసింది. ఫోనును రాత్రి హాల్లోనే వదిలి, పడకగదిలోకి అలారం గడియారం తెచ్చుకోవడం, మూడు దాటాక కాఫీ మానడం మాత్రం పనిచేశాయి. కాఫీ మానడానికి ముగ్గు కంటే ఎక్కువ మనోబలం కావలసి వచ్చింది.

బాగవుతున్నానని నాకంటే ముందు మా వారు కనిపెట్టారు. ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఒకతను టమాటాలు తూస్తూ, అడుగున రెండు మెత్తటివి వేశాడు. ‘ఏమయ్యా, పైన బోర్డు మీద రాసిన ధర వీటికి కూడానా?’ అని గొంతెత్తాను. అతను నవ్వి మార్చాడు. సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డ మా వారి కళ్లలో నీళ్లు. ‘ఎన్నాళ్లకు పోట్లాడావు!’ అన్నారు. ఆ రాత్రి పప్పులో ఉప్పు తక్కువైందని కూడా నాకే తెలిసింది.

ఇప్పుడు మందు మోతాదు డాక్టరుగారు మెల్లగా తగ్గిస్తున్నారు. అడపాదడపా మూడు గంటలకు మెలకువ వస్తుంది. వరసగా వస్తే ఫోను చేయమన్నారు, చేస్తాను. ముగ్గు మధ్య వరస అయిదు నుంచి పదిహేను చుక్కలకు పెరిగింది, మార్కుల పుస్తకం మూసేశాను.

నెలగంట పెట్టగానే మా అపార్టుమెంటు సంఘంవారు సంక్రాంతి ముగ్గుల పోటీ ప్రకటించారు. పిన్నిగారు వచ్చి, ‘నీ పేరు రాసేస్తున్నానమ్మాయ్, మొదటి బహుమతి నీదే’ అన్నారు. వద్దండీ, నా ముగ్గుకు నేను వేసుకున్న మార్కులే చాలా ఉన్నాయి అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. పోనీ న్యాయనిర్ణేతగానైనా రమ్మన్నారు. దానికి ఒప్పుకున్నాను. కాని చుక్కలు పెట్టకుండా సుద్దముక్కతో గీసి రంగులు నింపినవాళ్లకు నా దగ్గర సగం మార్కులేనని ముందే చెప్పేశాను. ఆవిడ ముఖం మాడ్చుకుని లిఫ్టు ఎక్కారు. ఆవిడ ఏటా వేసేది అదే మరి.